ఫలభావనయు మార్గభావనయు

ఒక బోధ జనులకు ప్రియమైనంత మాత్రమున సత్యము కాదు. అప్రియమైనంత మాత్రమున అసత్యమును కాదు. దానిని అనుసరించినవారు ఎచ్చటికి చేరిరో, అనుసరింపనివారు ఎచ్చటికి చేరిరో పోల్చి చూచినగాని దాని విలువ తేలదు. ఈ న్యాయమును మనము విత్తనముల విషయమున తప్పక పాటించుచున్నాము. ఉదయగిరి మెట్టలో ఒక రైతు క్రొత్త విత్తనమును కొనునపుడు అమ్మువాని మాటలు విని ఊరకుండడు. గడచిన యేట పొరుగుచేనిలో అది ఎట్లు పండెనో అడిగి తెలిసికొనును. విత్తనమునకు వేయు ప్రశ్నను బోధకు మాత్రము మనము వేయుట లేదు. అందువలననే కోరినదానిని మనోనేత్రముతో చూచుచుండిన చాలును, అది తనంతట వచ్చి చేరునను బోధ, పరీక్ష లేకయే మన యువజనుల హృదయములలో పీఠము వేసికొని కూర్చున్నది. దానిని పరీక్షించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

'విజువలైజేషన్' అను ఆంగ్లనామముతో ప్రచారమునందున్న ఈ సాధనను మనము 'భావన' యనవచ్చును. దాని విధానమిట్టిది. సాధకుడు తన కోరికను నిశ్చయించుకొనవలెను. ఉదయమునను రాత్రియందును కన్నులు మూసికొని, ఆ కోరిక అప్పుడే నెరవేరినట్లు చూడవలెను. ఉద్యోగము కోరువాడు కార్యాలయమున కుర్చీలో కూర్చుండినట్లును, ఇల్లు కోరువాడు గృహప్రవేశము జరుపుకొనుచున్నట్లును భావింపవలెను. కారు, మేడ, పట్టపుటంగీ మున్నగువాని పటములను గోడకు అంటించి వానిని నిత్యము చూడవలెను. నెరవేరిన కోరిక వలని యానందమును ముందుగనే అనుభవింపవలెను. అన్నింటికంటె ముఖ్యమైన విధి యొకటి కలదు: సందేహమునకు చోటీయరాదు, అడ్డంకులను తలపరాదు. తలచినచో అడ్డంకులే వచ్చునని హెచ్చరిక. ఈ కడపటి విధియే ఈ బోధకు కంచుకోట. ఫలము రానప్పుడు బోధను నిందింప వీలులేదు. సాధకుడే ఎక్కడనో సందేహించియుండునని తీర్పు చెప్పవచ్చును.

ఈ విచారమును ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములను ముందుంచుకొని చేయుటకు కారణము కలదు. వెలిగొండల తూర్పుప్రక్క నున్న ఈ నెల్లూరు పడమటి సీమ మెట్టసీమ. పెన్నానది మీద సోమశిలకడ 78 టి.ఎం.సి. నీటిని పట్టగల జలాశయము కట్టబడినను, కాలువ చేరని పొలములు నేటికిని వానమీదను, చెరువుమీదను, బోరుబావిమీదను ఆధారపడియున్నవి. వాన తప్పిన యేడు కుటుంబములు పనికై చెన్నపట్టణమునకును బెంగళూరునకును హైదరాబాదునకును పోవుచుండును. చదువుకొన్న పిల్లలు పరీక్షల శిక్షణకై నెల్లూరు చేరుచుందురు. కోరికలు పెద్దవియు సాధనములు చిన్నవియు నైనచోట ఇట్టి బోధకు గిరాకి యెక్కువ. పెట్టుబడి లేక పంట పండునని చెప్పువాని మాట, పెట్టుబడి లేనివాని చెవికే గదా మధురముగ నుండును! సంపన్నుని బిడ్డ ఈ బోధను నమ్మి ఒక సంవత్సరము పోగొట్టుకొనినచో తండ్రి మరియొక సంవత్సరమునకు రుసుము చెల్లించును. మెట్టరైతు బిడ్డకు ఆ రెండవ సంవత్సరము లేదు.

ఈ బోధ నిన్నమొన్న పుట్టినది కాదు. ఫ్రాన్సు దేశమునందు ఎమిల్ కూయె (1857–1926) అను ఔషధవిక్రేత యొకడుండెను. మందుతోపాటు మంచిమాటయు ఈయబడినచో మందు ఎక్కువగ పనిచేయుటను గమనించి, తాను దినదినమును అన్నివిధముల బాగుపడుచున్నానను అర్థముగల చిన్నవాక్యమును ఉదయమునను రాత్రియందును ఇరువదిసారులు పలుకవలెనని అతడు రోగులకు బోధించెను. సంకల్పమునకును భావనకును పోరు కలిగినపుడు భావనయే గెలుచునని అతని సిద్ధాంతము. పిదప అమెరికా ప్రజలు ఆర్థికమాంద్యము చేత క్రుంగియున్న కాలమున, 1937లో, నెపోలియన్ హిల్ అను రచయిత 'థింక్ అండ్ గ్రో రిచ్' అను గ్రంథమును ప్రకటించెను. కావలసిన ధనమెంతయో, ఏ తేదీకి కావలయునో, దానికి బదులుగ తానేమి ఈయదలచెనో వ్రాసికొని, దినమునకు రెండుమారులు బిగ్గరగ చదువుచు, ఆ ధనము అప్పుడే తన వశమైనట్లు చూడవలెనని అతని విధి. 2006లో రోండా బర్న్ అను నామె 'ది సీక్రెట్' అను చలనచిత్రమును, అదే పేరుగల గ్రంథమును వెలువరించెను. అడుగుట, నమ్ముట, పొందుట అను మూడు మెట్లతో ఆమె మార్గము ముగియును. తలపులు తమవంటి వస్తువులను ఆకర్షించుననునది ఆమె చెప్పు విశ్వనియమము.

ఈ మూడు బోధలను వరుసగ నిలిపి చూచినచో క్రమక్షయమొకటి కనబడుచున్నది. కూయె వైద్యుని త్రోసివేయలేదు. భావనను వైద్యమునకు తోడుగ నుంచెను. హిల్ వైద్యుని మాట యెత్తకున్నను, ధనమునకు బదులుగ నీవేమి ఇచ్చెదవని అడిగెను. ఆ ప్రశ్నలో శ్రమకు ఇంకను చోటు కలదు. బర్న్ గ్రంథమున ఆ ప్రశ్న మూలకు జరిగినది; కోరికయు, కోరిక నెరవేరునను నమ్మికయు నడుమకు వచ్చి కూర్చున్నవి. ఔషధశాలలో తోడుమాటగ పుట్టిన బోధ, కొన్ని దశాబ్దములలో విశ్వమునే అంగడిగ భావించి, కోరినదానిని ఇంటికి పంపుమని ఉత్తరువు చేయు స్థితికి వచ్చినది. గ్రంథముల అమ్మకము పెరిగినకొలది వానిలోని శ్రమ తగ్గుచు వచ్చుట చదువరులు గమనింపదగిన విషయము.

అట్లని భావనకు శక్తియే లేదని చెప్పుట అన్యాయము. 1995లో ఆల్వరో పాస్కల్-లియోన్ అను వైద్యుడును ఆయన సహచరులును ప్రకటించిన పరీక్ష యొకటి ప్రసిద్ధమైనది. పియానో వాద్యము నేర్వనివారిని కొందరిని తీసికొని, ఐదువ్రేళ్లతో వాయింపదగిన చిన్నపాఠమును వారికి చెప్పిరి. ఒక జట్టువారు దినమునకు రెండుగంటల చొప్పున ఐదు దినములు వ్రేళ్లతో సాధన చేసిరి. మరియొక జట్టువారు వ్రేళ్లు కదల్పక, వాయించుచున్నట్లు మనస్సున మాత్రము భావించిరి. వ్రేళ్లను నడపు మెదడుభాగమున కలిగిన మార్పు రెండు జట్లయందును కనబడెను. వాయించుటలో వ్రేళ్లతో సాధన చేసినవారే మిన్న. కాని భావించినవారు ఒక్కమారు వాద్యముకడ కూర్చుండి సాధన చేయగానే చాలవరకు వారిని అందుకొనిరి. 1994లో డ్రిస్కెల్, కాపర్, మోరన్ అనువారు ఇట్టి పరిశోధనలను పెక్కింటిని కూర్చి లెక్కవేసి, మానసికసాధన మేలుచేయుననియు, అది దేహసాధనకంటె తక్కువ మేలనియు, కాలము గడచినకొలది దాని ప్రభావము తగ్గుననియు తేల్చిరి.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. పియానో జట్టువారు సభలోని కరతాళధ్వనులను భావింపలేదు. మెడలో పడు పూలదండను భావింపలేదు. ఏ వ్రేలి తరువాత ఏ వ్రేలు ఏ మీటపై పడవలెనో దానిని భావించిరి. వారు చూచినది ఫలమును కాదు, పనిని. కావున భావన రెండువిధములు. చేరవలసిన చోటును అలంకరించి చూచుచుండుట ఫలభావన. అచ్చటికి పోవు త్రోవను, త్రోవలోని రాళ్లను, వానిని దాటు అడుగును చూచుట మార్గభావన. ఈ రెండింటిని ఒకే పేరుతో పిలిచి, రెండవదానికి కలిగిన కీర్తిని మొదటిదానికి కట్టబెట్టుటయే మేము విమర్శించు బోధలోని ప్రధానదోషము.

ఈ భేదమును విద్యార్థులయందే పరీక్షించినవారు కలరు. లాస్ ఏంజెలిస్ నగరములోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అను మనశ్శాస్త్రజ్ఞులు చేసిన పరీక్ష 1999లో ప్రకటింపబడినది. పరీక్షకు ముందు కొన్ని దినములు ఒక జట్టు విద్యార్థులు తాము మంచి మార్కులు పొంది సంతోషించుచున్నట్లు భావించిరి. మరియొక జట్టువారు తాము పుస్తకము తెరచి, ఆటపాటలను మాని, ఫలానిచోట కూర్చుండి చదువుచున్నట్లు భావించిరి. చదువును భావించినవారు ముందుగ చదువ నారంభించిరి, ఎక్కువసేపు చదివిరి, ఎక్కువ మార్కులును పొందిరి. మార్కులను భావించినవారికి ఆ మేలు కలుగలేదు. జర్మనీ దేశీయురాలగు గాబ్రియేల్ ఎట్టింగెన్ చేసిన పరిశోధనలును ఇట్టివే. స్థూలకాయమును తగ్గించుకొన దలచిన 25 మంది స్త్రీలను ఒక సంవత్సరము పరిశీలించి 1991లో ఆమెయు థామస్ వాడెనును ప్రకటించిన ఫలితము ప్రకారము, సన్నబడినట్లు మధురముగ కలలు కనినవారు, అంత మధురముగ కలలు కననివారికంటె సగటున సుమారు 11 కిలోగ్రాములు తక్కువ తగ్గిరి. ఉద్యోగములు వెదకుచున్న జర్మను పట్టభద్రులను గూర్చి 2002లో ఆమెయు డోరిస్ మేయరును ప్రకటించిన పరిశోధనలో, ఉద్యోగమును గూర్చి తియ్యని ఊహలలో తేలినవారు తక్కువ దరఖాస్తులు పెట్టుకొనిరి. రెండు సంవత్సరముల తరువాత వారికి వచ్చిన ఉద్యోగావకాశములును జీతములును తక్కువగనే యుండెను.

దీనికి కారణము కష్టసాధ్యమైనది కాదు. మనస్సు తాను చూచినదానిని కొంతవరకు పొందినట్లే తలచును. ఫలభావన చేసిన వెంటనే దేహమున ఉత్సాహము పెరుగుటకు మారుగ సడలుననియు, రక్తపుపోటు తగ్గుట దానికి గుర్తనియు 2011లో హెదర్ కాపెస్, ఎట్టింగెన్ అనువారు చూపిరి. పండు రుచి నాలుకకు ముందే తగిలినచో చెట్టెక్కు కాలు బరువగును. మన పెద్దలకు రక్తపుపోటు కొలుచు యంత్రము లేకున్నను ఈ సంగతి తెలియును. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత ఊరూరను వినబడుచునే యున్నది. పంచతంత్రములోని పేలపిండి కుండ బ్రాహ్మణుని కథయు అందరు ఎరిగినదే. అతి కోరిక కూడదని ఆ కథకు నీతి చెప్పుట వాడుక. మాకు ఆ నీతి చాలదని తోచుచున్నది. పేదవాడు మేకలను, ఆవులను, ఇంటిని, సంతానమును కోరుటలో తప్పేమి? అతడు మేకను భావించెను, ఆవును భావించెను, గుర్రమును భావించెను, కొడుకు సోమశర్మను భావించెను. కుండను నెత్తికెత్తుకొని సంతకు పోవుటను మాత్రము భావింపలేదు. పైగా కరవు వచ్చి పిండి ధర పెరుగవలెననునది అతని భాగ్యమునకు తొలిమెట్టు. ఫలభావన మార్గమును చూడనట్లే పరుల ఆకలిని కూడ చూడదు.

దూరదేశపు పరీక్షలయందు నమ్మకము లేనివారు ఉదయగిరి దుర్గమువంక కన్నెత్తి చూడవచ్చును. 3,000 అడుగులకు మించిన ఆ కొండపై గజపతుల సైన్యము కూర్చుండియుండగా శ్రీకృష్ణదేవరాయలు దానిని ముట్టడించి 1514లో పట్టుకొనెను. ఆ ముట్టడిని గూర్చి, సుమారు ఇరువది యేండ్ల తరువాత విజయనగరమున నివసించిన ఫెర్నావ్ నూనిజ్ అను పోర్చుగీసు గుర్రపు వర్తకుడు వ్రాసియుంచెను. అతని లెక్క ప్రకారము రాయల వెంట 34,000 కాల్బలమును 800 ఏనుగులును ఉండెను; కోటలో 10,000 కాల్బలమును 400 గుర్రములును ఉండెను. కోటను చేరుటకు ఒక్కటే త్రోవ. ఆకలిచేత లొంగదీయుట తప్ప దానిని పట్టుట అసాధ్యమని ప్రతీతి. రాయలు ఏడాదిన్నర కాలము అచ్చటనే యుండి, కొండలను తొలిపించి, బండలను పగులగొట్టించి, తన సైనికులు కోటబురుజులను చేరుటకు త్రోవ చేయించెను. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును హంపికి కొనిపోయి, ఆలయము కట్టించి 1515లో ప్రతిష్ఠించెను.

రాయలు విజయమును భావింపలేదని మేము చెప్పము. కొండక్రింద గుడారమున నిలిచిన తొలిదినముననే పైని తన జెండాను మనస్సున చూచియుండవచ్చును. కాని నూనిజ్ వ్రాసినది జెండాను గూర్చి కాదు, బండలను గూర్చి. ఏనుగులెన్ని యున్నను ఒక్క త్రోవలో ఏమి పనికివచ్చును? ఈ చిక్కును చూడక కన్నులు మూసికొన్నవాడు కొండక్రిందనే మిగిలిపోవును. అడ్డంకిని తలచినచో అడ్డంకి వచ్చునని బోధించువారికి ఉదయగిరి చెప్పు ప్రత్యుత్తరమిది: అడ్డంకి నీవు తలచినను తలపకున్నను అచ్చటనే యున్నది, తలచినవాడు మాత్రమే సుత్తిని వెంట తెచ్చుకొనును.

ఆ కొండక్రింది ఊరిలోనే మరియొక నిదర్శనము నేటికిని సజీవముగ నున్నది. ఉదయగిరి చెక్కగరిటెలును చెంచాలును భౌగోళిక గుర్తింపు పొందిన హస్తకళావస్తువులు. చుట్టుపట్ల కొండలలో దొరకు నర్ది, బిక్కి మొదలగు చెట్ల కర్రతో వానిని చేయుదురు. చేయువారిలో స్త్రీలు పెక్కురు. కర్రముక్కను చేతబట్టినపుడే దానిలోని చెంచా వారికి కనబడును. భావన లేక శిల్పము లేదు. కాని వారి కన్ను చెంచాతోపాటు కర్రలోని ముడిని చూచును, నార పోవు దిక్కును చూచును, చీలు చోటును చూచును. కత్తిని ఎటు నడపవలెనో, ఎచ్చట నిలుపవలెనో ఆ చూపే చెప్పును. చెంచాను మాత్రము చూచి ముడిని చూడనివాని చేతిలో చెంచాయును రాదు, కర్రయును దక్కదు. భావనయనగా ఏమో తెలిసికొనగోరు విద్యార్థి వేలరూపాయల రుసుముగల ఉపన్యాసమునకు పోవుటకు ముందు ఒక ఉదయమున ఆ పనివారి చెంత కూర్చుండుట మేలు.

ఇక మా వాదమునకు అన్నింటికంటె గొప్ప ఉదాహరణము దూబగుంట. కలిగిరి మండలములోని ఆ గ్రామము ఉదయగిరి నియోజకవర్గమునకు చెందినది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము సాగినపుడు వయోజనుల వాచకమున సీతమ్మ కథ యను పాఠముండెను. సారాకు బలియైన సంసారమును గూర్చినది ఆ పాఠము. రాత్రి బడిలో కూర్చున్న కూలిస్త్రీలు అక్షరములతోపాటు తమ యింటిని ఆ పాఠమున చదువుకొనిరి. దూబగుంటలో స్త్రీలు ఏకమై తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. వారిలో వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతటను దూబగుంట రోశమ్మగ ప్రసిద్ధికెక్కినది. పిదప ఆ గ్రామపు కథయే 'ఆడవాళ్లు ఏకమైతే' అను పాఠముగ తరువాతి వాచకమున చేరెను. దానిని చదివిన ఇతరగ్రామముల స్త్రీలు దూబగుంటలో జరిగినది మా ఊరిలో ఏల జరుగరాదని ప్రశ్నించుకొనిరి.

ఈ ప్రశ్నయే నిజమైన భావన. వారు చూచినదేమి? భర్త ఒక ఉదయమున తాగుడు మాని చిరునవ్వుతో కూలిడబ్బులు చేతబెట్టినట్లు కన్నులు మూసికొని కలగనలేదు. సారా ఏ బండిలో ఏ త్రోవను వచ్చుచున్నదో చూచిరి. ఆ త్రోవకు అడ్డముగ కూర్చుండిరి. దుకాణము ఎవరి అండతో నడచుచున్నదో చూచిరి. ఆ గుమ్మము ముందు నిలిచిరి. దుకాణమునకు మూలము వేలముపాట యని కనుగొనిరి. 1992లో నెల్లూరులో ఆ పాటలను సాగనీయక పలుమారులు వాయిదా వేయించిరి. 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలింపబడినది. ఫలము వచ్చినదియు నిజము, చేజారినదియు నిజము. ఫలమునే భావించినవారికి ఆ నష్టము తీరనిది. మార్గమును ఎరిగినవారు మరల నడువగలరు. మరియొక విశేషమును కలదు. ప్రతిస్త్రీయు కోరినది తన యింటి కూలిడబ్బులు, తన బిడ్డల కూడు. అది స్వంతకోరికయే. కాని అడ్డంకిని తేరిపార చూచినపుడు అది తన ఒక్కయింటిది కాదని తేలినది. ఒంటరిగ కన్నులు మూసికొన్నవారికి ఈ సత్యము ఏనాటికిని కనబడదు.

ఇచ్చటనే ఫలభావనా బోధలోని క్రూరత్వము బయటపడుచున్నది. తలపే భాగ్యమునకు కారణమైనచో దౌర్భాగ్యమునకును తలపే కారణము కావలెను. ఈ నిర్ణయమునుండి ఆ బోధకులు తప్పించుకొన జాలరు. కొందరు తప్పించుకొన దలపరు కూడ. ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతములలో ఫ్లోరైడు కలిసిన నీరు త్రాగి ఎముకలు వంగినవారున్నారు. పాలుత్రాగు వయస్సుననే ఆ నీటిని గ్రోలిన శిశువు ఏ చెడుతలపు తలచెను? వాన తప్పి చేను ఎండిన రైతు విత్తనము వేయునాడు ఎండిన చేనును భావించెనా? దారిద్ర్యమునకు నీవే కారకుడవని పేదవానికి చెప్పుట పాతకాలమున పూర్వజన్మ కర్మ పేరిట జరిగినది. ఇప్పుడు ఆకర్షణ నియమము పేరిట జరుగుచున్నది. పేరు మారినది గాని, బాధితుని దోషిగ నిలిపి, బావిని, కాలువను, బడిని, జీతమును గూర్చిన ప్రశ్నలను మూసివేయు పని మారలేదు. మంచినీరు కావలెనని భావించుట మంచిదే. ఆ భావనలో గొట్టము ఏ చెరువునుండి రావలెనో, దానికి డబ్బు ఎవరు మంజూరు చేయవలెనో, అర్జీ ఎవరికి పెట్టవలెనో అనునదియు ఉండవలెను.

ఈ బోధ మన ఋషులు చెప్పినదేయని, ఎట్లు భావించిన అట్లే యగునని మన పెద్దలును అనుచుందురని కొందరు సమర్థింతురు. పూర్వుల పేరు చెప్పి అమ్మబడు సరకును పూర్వుల గ్రంథముతోనే సరిచూడవలెను. పతంజలి యోగసూత్రములలో చిత్తవృత్తుల నిరోధమునకు చెప్పబడిన సాధనములు అభ్యాసవైరాగ్యములు. అభ్యాసమనగా దీర్ఘకాలము, ఎడతెగక, శ్రద్ధతో చేయు యత్నము. వైరాగ్యమనగా విషయములయందలి తృష్ణను గెలుచుట. కారును మేడను పటములు కట్టి నిత్యము తృష్ణను పెంచుకొనుటకు ఈ శాస్త్రమును సాక్షిగ పిలుచుట వింత కాదా? వస్తువు లేక కేవలశబ్దమును అనుసరించి కలుగు జ్ఞానమునకు ఆయన వికల్పమని పేరు పెట్టెను. అడ్డంకులను తలపరాదని ఆయన చెప్పలేదు. వ్యాధి, సంశయము, ప్రమాదము, ఆలస్యము మొదలుగ తొమ్మిది అంతరాయములను పేరుపేరున లెక్కించి సాధకుని ముందుంచెను. అందు భ్రాంతిదర్శనము, అనగా లేనిదానిని ఉన్నట్లు చూచుట, ఒకటి. నేటి బోధకులు సాధనముగ చెప్పుచున్నది పతంజలి పట్టికలో విఘ్నముగ నున్నది!

మా వాదమునకు ఒక గట్టి ఆక్షేపణ రాగలదు. పేదవానికి మిగిలినది ఆశ యొక్కటే. దానిని కూడ మీరు లాగుకొనుచున్నారా యని అడుగవచ్చును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని ఆశ వేరు, ఊహ వేరు. ఎట్టింగెన్ పరిశోధనలలోనే ఈ భేదము స్పష్టముగ నున్నది: తాము గెలువగలమని నమ్మి ఎదురుచూచినవారు ఎక్కువ సాధించిరి, గెలిచినట్లు ఊహలలో విహరించినవారు తక్కువ సాధించిరి. నమ్మకము చేసిన పనినుండి పుట్టును. నిన్న పది లెక్కలు చేసినవానికి నేడు పదునొకండవ లెక్క చేయగలనను ఆశ కలుగును. దూబగుంట తరువాతి గ్రామములకు దూబగుంట ఇచ్చినది ఇట్టి ఆశయే. తమవంటి స్త్రీలే, తమవంటి ఊరిలోనే, ఈ పనిని చేసిరి అను సాక్ష్యము. సాక్ష్యముగల ఆశను మేము కాపాడగోరుచున్నాము. సాక్ష్యము లేని ఊహను ఆశయని అమ్ముటనే ఖండించుచున్నాము.

అట్లైన భావనను ఎట్లు వాడవలెను? ఆత్మకూరులో ఒక పిల్లవాడు ఉపాధ్యాయ పరీక్షకు చదువుచున్నాడనుకొందము. అతడు తాను బడిలో పాఠము చెప్పుచున్నట్లు ఒక నిమిషము భావించుకొనవచ్చును. ఎందులకు నడచుచున్నాడో తెలియవలెను గదా. వెంటనే రెండవ ప్రశ్న వేసికొనవలెను: నాకును ఆ బడికిని నడుమ నున్నదేమి? గణితమున బలహీనతయా? సాయంకాలము పొలముపనియా? రాత్రి ఫోను చూచు అలవాటా? పిదప ఆ అడ్డంకికి సమాధానమును ముందుగనే నిశ్చయించుకొనవలెను. పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొనగానే గణితపుస్తకము తెరచెదను. ఫోను వైపు చేయి పోయినచో దానిని లోపలియింటిలో పెట్టి వచ్చెదను అని కాలమును, చోటును, పనిని ముడివేయవలెను. ఇట్టి నిశ్చయములను గూర్చి పీటర్ గోల్విట్జర్ 1999లో విపులముగ వ్రాసెను. ఆయనయు పాస్కల్ షీరనును 2006లో 94 పరీక్షలను కూర్చి లెక్కవేసి, వీనివలన కార్యసిద్ధి చెప్పుకోదగినంత పెరుగునని తేల్చిరి. దీనికి రుసుము లేదు. ఒక కాగితమును పెన్సిలును చాలును.

అడ్డంకిని నిజముగ చూచినపుడు ఒక్కొక్కప్పుడు ఆ కోరిక తనకు తగినది కాదని తేలవచ్చును. అదియు లాభమే. సాధ్యముకానిదానిని సకాలమున విడిచి సాధ్యమైనదానిపై శక్తిని పెట్టుట ఓటమి కాదు. మరియొకప్పుడు అడ్డంకి తనలో లేదనియు, బడిలో ఉపాధ్యాయుడు లేకుండుటయో, పరీక్ష ప్రకటన ఏండ్లతరబడి వెలువడకుండుటయో కారణమనియు తేలును. అప్పుడు చేయవలసిన పని తనవంటివారిని కూడగట్టుకొని అడుగుట. తనను తాను నిందించుకొనుట కాదు. ఏది మన చేతిలో నున్నదో, ఏది పదిమంది చేతులు కలిసినగాని కదలదో ఈ వివేకమును ఇచ్చునది మార్గభావన.

కావున మన ఉపాధ్యాయులకును, తల్లిదండ్రులకును, యువజనసంఘముల వారికిని మేము చేయు మనవి యిది. పిల్లలను కలలు కనవద్దని గద్దింపకుడు. ఏమి కావలెనని అడిగిన తరువాత అంతటితో ఆగక, రేపు ఉదయము ఏమి చేసెదవని అడుగుడు. ఏది అడ్డమువచ్చునని అడుగుడు. అది అడ్డమువచ్చిననాడు ఏమి చేసెదవని అడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు ఉత్తరము చెప్పగల కోరికయే సంకల్పమనబడును. చెప్పలేనిది ఎంత అందముగ కనబడినను, గోడకు అంటించిన పటము మాత్రమే.